తలుపు తీస్తున్నది ఎవరు? ఇంటి కంప్యూటరు భద్రతపై పాఠకుల సందేహాలు

ఇంట్లో వాడుకునే కంప్యూటర్లకు సోకే వైరస్‌ల గురించి పాఠకులు రాసిన ఉత్తరాలలో కొన్నింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాను. నిజానికి ఇతర ఫైళ్లకు తనను తాను అంటించుకునేది వైరస్, ఎవరి సాయమూ లేకుండా నెట్‌వర్కు వెంట పాకేది వర్మ్, మంచి ప్రోగ్రాము వేషంలో వచ్చేది ట్రోజన్. వీటన్నిటినీ కలిపి మాల్‌వేర్ అంటారు. వాడుకలో అన్నిటికీ వైరస్ అనే మాటే స్థిరపడింది కాబట్టి, తేడా చెప్పక తప్పని చోట మినహా, ఇక్కడా ఆ మాటే వాడుతున్నాను.

ప్రశ్న: కొత్తగా కొన్న ల్యాప్‌టాప్‌తోపాటు కొద్దికాలం ఉచితంగా పనిచేసే యాంటీవైరస్ ఒకటి వచ్చింది. గడువు ముగియబోతోందనీ, డబ్బు కట్టకపోతే రక్షణ ఉండదనీ అది రోజూ హెచ్చరిస్తోంది. కట్టవలసిందేనా? దానికి తోడు ఇంకొక ఉచిత యాంటీవైరస్ కూడా వేసుకుంటే రెట్టింపు రక్షణ ఉంటుందని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా? (ఒక గృహిణి)

జవాబు: కట్టి తీరాలన్న నియమం ఏమీ లేదు. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి మైక్రోసాఫ్ట్ తన యాంటీవైరస్‌ను ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే అమర్చి ఇస్తోంది. విండోస్ 10, 11లలో దాని పేరు డిఫెండర్. విండోస్ సెక్యూరిటీ అనే విభాగం తెరిస్తే కనిపిస్తుంది. వేరే యాంటీవైరస్ ఉన్నంతకాలం ఇది పక్కకు తప్పుకుని, ఆ రెండోదాన్ని తీసివేయగానే మళ్లీ కాపలాకు వస్తుంది. కాబట్టి గడువు ముగిసే ప్రోగ్రామును సెట్టింగ్స్‌లోని యాప్స్ జాబితా నుంచి పూర్తిగా తొలగించి, కంప్యూటరును ఒకసారి రీస్టార్ట్ చేసి, విండోస్ సెక్యూరిటీలో వైరస్ రక్షణ దగ్గర ఆకుపచ్చ గుర్తు ఉన్నదో లేదో చూసుకోండి. గడువు తీరిన యాంటీవైరస్‌ను తొలగించకుండా వదిలేయడమే అన్నిటికన్నా చెడ్డ పని. దానికి కొత్త వైరస్‌ల ఆనవాళ్లు అందడం ఆగిపోవచ్చు, కానీ తెర మూలన దాని బొమ్మ కనిపిస్తూ మనకు ధైర్యం మాత్రం ఇస్తూ ఉంటుంది.

మీ అబ్బాయి చెప్పిన రెట్టింపు రక్షణ విషయానికి వస్తే, ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. మీరు ఏ ఫైలు తెరిచినా రెండు ప్రోగ్రాములూ ఒకే క్షణంలో దాన్ని పట్టుకుని పరీక్షించబోతాయి, ఒకటి పట్టి బంధించిన వైరస్‌ను రెండోది చూసి గోల చేస్తుంది, మధ్యలో కంప్యూటరు నత్తనడక నడుస్తుంది. డబ్బు పెట్టి కొనే యాంటీవైరస్‌లలో మంచివి లేవని నేను అనను. పిల్లలపై పర్యవేక్షణ వంటి అదనపు సౌకర్యాలు కావలసినవారు కొనుక్కోవచ్చు. అయితే నన్ను అడిగితే, ఆ డబ్బుతో విడిగా ఉండే హార్డ్ డిస్క్ ఒకటి కొనమంటాను. ఎందుకో ఇదే సంచికలో ఛాయాగ్రాహకునికి ఇచ్చిన జవాబులో వివరించాను.

ప్రశ్న: మా కంప్యూటరు చాలా నెమ్మదించింది. వైరస్ పట్టిందనుకోవాలా? (ఒక విద్యార్థి)

జవాబు: కాకపోవచ్చు. డిస్క్ నిండిపోవడం, కంప్యూటరు ఆన్ చేయగానే పదిహేను ప్రోగ్రాములు వాటంతటవే మొదలవడం, ర్యామ్ చాలకపోవడం వంటివి అంతకన్నా మామూలు కారణాలు. ఫ్యాను ఆగకుండా తిరుగుతూ, మీరేమీ చేయకపోయినా టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వాడకం ఎప్పుడూ పైపైనే ఉంటే, మీ కంప్యూటరు చేత ఎవరో తమకోసం క్రిప్టో నాణేలు (కంప్యూటరు లెక్కలతో పుట్టించే డిజిటల్ డబ్బు) తవ్వించుకుంటున్నారేమో అని అనుమానించవచ్చు. కానీ ఈనాటి వైరస్‌లలో ఎక్కువ ప్రమాదకరమైనవి కంప్యూటరును ఏమాత్రం నెమ్మదించనివే. దొంగ ఇంట్లో చప్పుడు చేయడు కదా.

ప్రశ్న: కొన్ని కాగితాలు ముద్రించడానికి పెన్‌డ్రైవ్‌ను బయటి కంప్యూటరుకు పెట్టాను. ఇంటికి వచ్చి చూస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయాయి. ఫార్మాట్ చేయడం తప్ప దారి లేదని ఒకరు చెప్పారు. అందులో మా నాన్నగారి చివరి ఫోటోలు ఉన్నాయి. (ఒక ఉద్యోగి)

జవాబు: దయచేసి ఫార్మాట్ చేయకండి. మీ ఫోటోలు చాలావరకు అక్కడే భద్రంగా ఉండి ఉంటాయి. ఈ రకం వైరస్ అసలు ఫోల్డర్లను చెరపదు. వాటికి దాచిన ఫైళ్లన్న గుర్తునూ, సిస్టమ్ ఫైళ్లన్న గుర్తునూ తగిలించి కంటికి కనబడకుండా చేసి, అదే పేరుతో, అదే పసుపుపచ్చ బొమ్మతో షార్ట్‌కట్ ఒకటి పెడుతుంది. మీరు దానిమీద రెండుసార్లు నొక్కితే మొదట వైరస్ నడుస్తుంది, వెంటనే మీ అసలు ఫోల్డరూ తెరుచుకుంటుంది. కావలసినది కనిపించింది కాబట్టి మీకు అనుమానం రాదు. అప్పటికే అది మీ కంప్యూటరులో చేరి, ఆ తరువాత పెట్టే ప్రతి పెన్‌డ్రైవ్ కోసం కాచుకుని ఉంటుంది.

అందువల్ల ఆ షార్ట్‌కట్‌లను తాకకుండా, మొదట పెన్‌డ్రైవ్ మొత్తాన్ని యాంటీవైరస్‌తో స్కాన్ చేయించండి. ఆపైన ఫైల్ ఎక్స్‌ప్లోరర్ ఆప్షన్స్‌లో వ్యూ అనే భాగానికి వెళ్లి, దాచిన ఫైళ్లను చూపించమని ఎంచుకోండి. దాని కిందనే, రక్షిత సిస్టమ్ ఫైళ్లను దాచి ఉంచు అనే అర్థమిచ్చే గడి ఒకటి ఉంటుంది. దాని టిక్కు కూడా తీసివేయాలి. చాలామంది మొదటిదానితో ఆగిపోయి ఫోటోలు పోయాయని నిర్ధారణకు వచ్చేస్తారు. పాలిపోయిన బొమ్మతో అసలు ఫోల్డర్లు కనిపించాక అందులోని ఫోటోలను, పత్రాలను మాత్రమే కంప్యూటరులోకి కాపీ చేసుకోండి. పేరు తెలియని ప్రోగ్రాములూ స్క్రిప్టులూ ఉంటే వదిలేయండి. ఫార్మాట్ చేయడం ఆ తరువాతి పని. అప్పటికే షార్ట్‌కట్ మీద నొక్కి ఉంటే కంప్యూటరును కూడా పూర్తిగా స్కాన్ చేయించవలసిందే.

పెన్‌డ్రైవ్ పెట్టగానే అందులోని ప్రోగ్రాము దానంతటదే నడిచే ఏర్పాటు ఒకప్పుడు విండోస్‌లో ఉండేది. విండోస్ 7లో దాన్ని తీసేశారు, పాత విండోస్‌లకు కూడా 2011 ఫిబ్రవరిలో ఒక అప్‌డేట్ ద్వారా ఆపారు. ఆ దారి మూసుకుపోయిన తరువాతే ఈ షార్ట్‌కట్ ఎత్తు బాగా ప్రబలింది. తనంతట తాను నడవలేనిది మన వేలితో నడిపించుకుంటోంది.

ప్రశ్న: ఒక వెబ్‌సైట్ తెరిస్తే “నేను రోబోను కాను” అనే పరీక్ష వచ్చింది. బొమ్మలు ఎంచుకోమనకుండా, విండోస్ గుర్తు మీటతో ఆర్ నొక్కమనీ, తరువాత కంట్రోల్‌తో వి నొక్కమనీ, చివర ఎంటర్ నొక్కమనీ చెప్పింది. అలాగే చేశాను. ఏదో నల్ల తెర ఒక్క క్షణం మెరిసి పోయింది, అంతే. యాంటీవైరస్ ఏమీ అనలేదు. ఇది మామూలేనా? (ఒక పరిశోధక విద్యార్థిని)

జవాబు: మామూలు కాదు. ఈ జవాబు చదివే లోపలే, వేరొక కంప్యూటరు నుంచో ఫోను నుంచో మీ పాస్‌వర్డులు మార్చడం మొదలుపెట్టి ఉంటే బాగుండునని నా కోరిక.

మీరు చేసిన మూడు పనుల అర్థం ఇది. ఆ పేజీ తెరిచినప్పుడే, లేదా అందులోని గడిమీద నొక్కినప్పుడే, మీకు తెలియకుండా ఒక ఆజ్ఞను మీ క్లిప్‌బోర్డులోకి (కాపీ చేసినవి తాత్కాలికంగా ఉండే చోటులోకి) కాపీ చేసింది. విండోస్ మీటతో ఆర్ నొక్కితే రన్ అనే పెట్టె తెరుచుకుంటుంది. అందులో ఏ ఆజ్ఞ రాస్తే కంప్యూటరు దాన్ని పాటిస్తుంది. కంట్రోల్ వి నొక్కడంతో కాపీ అయి ఉన్న ఆజ్ఞ అందులోకి చేరింది. ఎంటర్‌తో అమలయింది. ఆ ఆజ్ఞ ఎక్కడినుంచో అసలు వైరస్‌ను తెచ్చుకుని నడుపుతుంది. పైకి మాత్రం చేసినదంతా యజమాని తన చేతులతో చేసిన పని, అందుకే యాంటీవైరస్ ఒక్కొక్కసారి మాట్లాడదు. 2024 నుంచి ఈ పద్ధతి విపరీతంగా పెరిగింది. మ్యాక్ వాడేవారి చేత టెర్మినల్ తెరిపించి ఇదే పని చేయిస్తున్నారు. నిజమైన రోబో పరీక్ష ఏదైనా బ్రౌజర్ లోపలే ముగుస్తుంది. బ్రౌజర్ దాటి మరొక పెట్టె తెరవమంటే అది మోసమే, ఇందులో మినహాయింపు లేదు.

ఇలా వచ్చేవాటిలో ఎక్కువగా కనిపించేవి సమాచారం దొంగిలించే రకాలు. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు, కార్డు వివరాలు, వాటితోపాటు కుకీలు అనే చిన్న గుర్తింపు చీటీలను మూటగట్టి నిమిషాలలో పంపేస్తాయి, కొన్ని పని పూర్తికాగానే తమను తామే చెరిపేసుకుంటాయి. ఈ కుకీల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మీరు ఈమెయిల్‌లోకి ఒకసారి ప్రవేశించాక ప్రతిసారీ పాస్‌వర్డు అడగకపోవడానికి కారణం, మిమ్మల్ని గుర్తుపట్టే చీటీ ఒకటి మీ బ్రౌజర్ దగ్గర ఉండడమే. ఆ చీటీ దొంగ చేతికి చిక్కితే అతనికి పాస్‌వర్డూ అక్కరలేదు, ఫోనుకు వచ్చే ఓటీపీ కూడా అక్కరలేదు. తనే మీరైపోయి లోపలికి వస్తాడు. కాబట్టి పాస్‌వర్డు మార్చి ఊరుకుంటే చాలదు. ప్రతి ఖాతా భద్రతా సెట్టింగులలోనూ “అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్ చేయి” అనే సదుపాయం వెతికి వాడండి. పాత చీటీలు చెల్లకుండా చేసేది అదే.

మొదట కంప్యూటరును ఇంటర్నెట్ నుంచి తప్పించండి. వేరొక పరికరం నుంచి ముందు ఈమెయిల్, తరువాత బ్యాంకు, ఆపైన మిగతావి, ఆ వరుసలోనే పాస్‌వర్డులు మార్చండి. ఈమెయిల్‌ను ముందు పెట్టడానికి కారణం, మిగతా పాస్‌వర్డులన్నీ తిరిగి తెప్పించుకునే దారి అదే కావడం. వైరస్ ఉన్న కంప్యూటరులోనే కూర్చుని కొత్త పాస్‌వర్డులు పెట్టడమంటే దొంగకు కొత్త తాళంచెవి కూడా అందించడమే. ఆ తరువాత మీ పత్రాలను విడిగా కాపీ చేసుకుని విండోస్‌ను మొదటినుంచి మళ్లీ ఇన్‌స్టాల్ చేయించండి. స్కాన్‌లో ఏమీ దొరకలేదు కదా అని సరిపెట్టుకోవడం ఈ సందర్భంలో నాకు ఇష్టం లేదు.

డబ్బు పెట్టవలసిన సాఫ్ట్‌వేరును ఉచితంగా నడిపించే క్రాక్‌లు వెతికే పాఠకులు కూడా పై పేరాలు మరొకసారి చదువుకోగలరు. “ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపండి” అని సూచన రాసి ఇచ్చే క్రాక్‌లలో వచ్చేది చాలాసార్లు ఇదే సరుకు.

ప్రశ్న: తెర నిండా ఎర్రటి హెచ్చరిక వచ్చి సైరన్ మోగింది. కంప్యూటరు లాక్ అయిందనీ, వెంటనే మైక్రోసాఫ్ట్‌కు ఫోన్ చేయమనీ ఒక నంబరు కనిపించింది. చేశాను. అతను ఎంతో మర్యాదగా మాట్లాడి, ఒక ప్రోగ్రాము వేయించి, తనే మౌస్ కదిలిస్తూ “ఎన్ని తప్పులున్నాయో చూడండి” అని చూపించాడు. డబ్బు అడిగేసరికి అనుమానం వచ్చి పెట్టేశాను. ఇప్పుడు ఏం చేయాలి? (ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు)

జవాబు: సమయానికి అనుమానం రావడం మీ మంచికే వచ్చింది, మాస్టారూ. మొదట మీ మనసు కుదుటపడడానికి ఒక మాట: ఆ ఎర్ర తెర వైరస్ కాదు, వెబ్ పేజీ మాత్రమే. తెర మొత్తాన్ని ఆక్రమించి శబ్దం చేయడం ఏ వెబ్ పేజీకైనా చేతనయ్యే పనే. అతను చూపించిన ఎర్ర గుర్తుల “తప్పుల” జాబితా సాధారణంగా ఈవెంట్ వ్యూయర్ అనే దినచర్య పుస్తకం. ఆరోగ్యంగా ఉన్న కంప్యూటరులో కూడా అటువంటి గుర్తులు బోలెడు ఉంటాయి. మైక్రోసాఫ్ట్ నిజమైన హెచ్చరికలలో ఫోన్ నంబరు ఎన్నడూ ఉండదు.

అయితే మీరు వేయించుకున్న ప్రోగ్రాము దూరం నుంచి కంప్యూటరును నడిపేది. అది ఉన్నంతకాలం అతను తిరిగి రాగలడు. ఇంటర్నెట్ తీసివేసి, ఆ ప్రోగ్రామును యాప్స్ జాబితా నుంచి తొలగించండి. అదే రోజున ఇంకేవైనా ప్రోగ్రాములు చేరాయేమో జాబితాను తేదీల వారీగా పేర్చి చూడండి. ఆ సమయంలో బ్యాంకు పేజీ తెరిచి ఉన్నా, కార్డు చూపించినా, ఫోను నుంచి బ్యాంకుకు తెలియజేయడం అన్నిటికన్నా ముందు చేయవలసిన పని. అతను ఎక్కువసేపు ఉన్నాడని మీకు అనిపిస్తే విండోస్‌ను రీసెట్ చేయించడం మేలు. ఇకమీదట మీ డబ్బు తిరిగి ఇప్పిస్తామంటూ ఎవరైనా ఫోన్ చేస్తే వారు కూడా ఆ ముఠావారే అయి ఉండవచ్చు.

మళ్లీ అటువంటి తెర వస్తే ఎస్కేప్ మీటను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకోండి. కదలకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ నుంచి బ్రౌజర్‌ను మూసివేయండి. తిరిగి తెరిచినప్పుడు పాత పేజీలు తెరవమంటారా అని అడిగితే వద్దనండి.

ప్రశ్న: ఈమెయిల్‌లో బిల్లు పీడీఎఫ్ వచ్చిందనుకుని తెరిచాను, పీడీఎఫ్ కాదట. పేరు చివర పీడీఎఫ్ అనే ఉంది కదా! (ఒక చిరు వ్యాపారి)

జవాబు: మీకు కనిపించినది పేరు చివర కాదు, చివరకు ముందుది. విండోస్ తనకు తెలిసిన రకాల ఫైళ్ల పేర్లలో, ఫైలు రకాన్ని చెప్పే చివరి తోకను దాచిపెట్టి చూపిస్తుంది. “బిల్లు డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్ఈ” అనే ప్రోగ్రాము ఆ దాపరికం వల్ల “బిల్లు డాట్ పీడీఎఫ్”గా కనిపిస్తుంది. 2000 మే నెలలో ప్రేమలేఖ పేరుతో వచ్చి ప్రపంచమంతటా ఈమెయిళ్లను ముంచెత్తిన ఐలవ్‌యూ వర్మ్ కూడా ఇదే దాపరికాన్ని ఆసరా చేసుకుంది. అక్కడ కనిపించిన తోక టెక్స్ట్ ఫైలుది, దాగిన తోక విజువల్ బేసిక్ స్క్రిప్టుది. ఇన్నేళ్లయినా ఆ సెట్టింగు అలాగే ఉండడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ కింద ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అనే గడిలో టిక్కు పెట్టుకుంటే పూర్తి పేరు కనిపిస్తుంది. అనుమానం ఉన్న ఫైలును వైరస్‌టోటల్ వెబ్‌సైట్‌కు ఎక్కించి అనేక యాంటీవైరస్‌లతో ఒకేసారి పరీక్షించవచ్చు. కానీ అక్కడ ఎక్కించినవి భద్రతా పరిశోధకులు కూడా చూడగలరు, కాబట్టి సొంత పత్రాలు ఎక్కించకండి.

ప్రశ్న: మా కంప్యూటరులో విండోస్ 10 ఉంది. చక్కగా పనిచేస్తోంది. యాంటీవైరస్ ఉంటే చాలదా, మార్చడం ఎందుకు? (ఒక పాఠకుడు)

జవాబు: విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంటి వాడుకదారులు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు అందించే పథకాన్ని ప్రకటించారు. అప్‌డేట్ చేసేది గోడలోని కన్నాన్ని పూడ్చడం, యాంటీవైరస్ చేసేది లోపలికి వచ్చినవారిని నిలదీయడం. మొదటిది ఆగిపోయిన ఇంట్లో రెండోది ఎంతకని కాయగలదు? మీ యంత్రంలో టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్, విండోస్ 11 ఆమోదించే ప్రాసెసర్, కనీసం 4 జీబీ ర్యామ్ ఉంటే విండోస్ 11కు మారడం ఉచితమే. పాత యంత్రమైతే విండోస్‌కు బదులు లినక్స్ అనే మరొక ఆపరేటింగ్ సిస్టమ్ వేయించుకోవడం, లేదా ఇంటర్నెట్ అవసరం లేని పనులకే దాన్ని పరిమితం చేయడం మిగిలిన దారులు.

ప్రశ్న: ఫైళ్లన్నిటికీ తాళం వేసి డబ్బు అడిగే వైరస్ గురించి విన్నాం. డబ్బు కడితే ఫైళ్లు వస్తాయా? రాకుండా ఏం చేయాలి? (ఒక ఛాయాగ్రాహకుడు)

జవాబు: కట్టినవారిలో కొందరికి వచ్చాయి, కొందరికి రాలేదు. దొంగతో ఒప్పందానికి హామీ ఎవరు? పైగా కట్టేవాడని పేరు పడితే మళ్లీ వస్తారు.

ర్యాన్సమ్‌వేర్ అనే ఈ రకంలో జనానికి బాగా తెలిసినది 2017 మే 12న బయటపడిన వాన్నక్రై. సుమారు 150 దేశాలకు పాకిన ఈ వర్మ్ ఒక్కొక్క కంప్యూటరుకు బిట్‌కాయిన్ రూపంలో 300 డాలర్లు అడగడంతో మొదలుపెట్టింది. ఈ పుటలలో నేను పదేపదే మన చేతి తప్పుల గురించి చెబుతున్నాను గానీ, వాన్నక్రై దానికి మినహాయింపు: ఎవరూ ఏమీ నొక్కకుండానే అది నెట్‌వర్కు మీదుగా కంప్యూటరు నుంచి కంప్యూటరుకు దూకింది. అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే విడుదల చేసింది. దాదాపు రెండు నెలలు గడువు దొరికినా అప్‌డేట్ చేసుకోని యంత్రాలే దొరికిపోయాయి.

మీ వంటివారికి అసలైన రక్షణ ఫోటోలకు మరొక ప్రతి ఉండడం, అదీ వైరస్‌కు అందని చోట ఉండడం. ఈ రెండో భాగంలోనే అందరం పొరబడతాం. నేనే కొన్నేళ్లపాటు బ్యాకప్ హార్డ్ డిస్క్‌ను కంప్యూటరుకు తగిలించే ఉంచి, ఎంత జాగ్రత్తపరుడినో అని మురిసిపోయాను. తగిలించి ఉన్న డిస్క్ ర్యాన్సమ్‌వేర్‌కు మరొక ఫోల్డరు కిందే లెక్క. దానికీ తాళం వేస్తుంది. క్లౌడ్‌లో ఉన్న ప్రతి కూడా సింక్ అవుతూ ఉంటే, తాళం పడిన ఫైలే అక్కడికీ చేరుతుంది; కొన్ని సేవలు పాత ప్రతులను కొంతకాలం దాచి ఉంచుతాయి కాబట్టి మీరు వాడే సేవలో ఆ వెసులుబాటు ఉందో లేదో ముందే చూసుకోండి. ముఖ్యమైన ఫైళ్లకు మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి ఇంటి బయట అనేది ఛాయాగ్రాహకుల లోకంలోనే ప్రచారం పొందిన సూత్రం. నేనైతే డిస్కును వారానికి ఒకసారి తగిలించి, కాపీ పూర్తికాగానే విప్పి బీరువాలో పెడుతున్నాను. అప్పుడప్పుడూ అందులోంచి రెండు ఫైళ్లు తెరిచి చూస్తాను కూడా. తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే.

విండోస్ సెక్యూరిటీలో ర్యాన్సమ్‌వేర్ రక్షణ కింద కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అనే సదుపాయం ఉంది. మీరు అనుమతించని ప్రోగ్రాములు పత్రాల ఫోల్డర్లలో మార్పు చేయకుండా అది ఆపుతుంది. మామూలుగా ఆపివేసి ఉంటుంది, మీరే ఆన్ చేయాలి. మొదట్లో మీ ఫోటో ఎడిటింగ్ ప్రోగ్రామును కూడా అడ్డుకుని విసిగిస్తుంది. దాన్ని అనుమతి జాబితాలో చేర్చి ఓపిక పట్టండి. ఇప్పటికే దెబ్బతిన్నవారు తాళం పడిన ఫైళ్లను పారేయకుండా దాచుకోవాలి. ఐరోపా సమాఖ్య పోలీసు సంస్థ యూరోపోల్, నెదర్లాండ్స్ పోలీసులు, రెండు భద్రతా సంస్థలు కలిసి 2016లో ప్రారంభించిన నో మోర్ ర్యాన్సమ్ అనే వెబ్‌సైట్‌లో కొన్ని రకాల తాళాలకు చెవులు ఉచితంగా లభిస్తాయి. ఈ రోజు దొరకని చెవి తరువాత దొరకవచ్చు.

ప్రశ్న: మ్యాక్‌కు వైరస్ రాదంటారు. నిజమా? (ఒక చిత్రకారిణి)

జవాబు: తక్కువ, అంతే. 2012లో ఫ్లాష్‌బ్యాక్ అనే ట్రోజన్ 6 లక్షలకు పైగా మ్యాక్‌లకు సోకింది. పాస్‌వర్డులు దొంగిలించే రకాలు ఇప్పుడు మ్యాక్ కోసం ప్రత్యేకంగా తయారవుతున్నాయి.

ప్రశ్న: యాంటీవైరస్ ఆన్‌లో ఉన్నట్టు ఆకుపచ్చ గుర్తు కనిపిస్తోంది. అది నిజంగా పనిచేస్తోందో లేదో, అసలు వైరస్ తెచ్చుకోకుండా తెలుసుకునే మార్గం ఉందా? (ఒక విద్యార్థి)

జవాబు: ఉంది. ఐకార్ అనే యూరప్ సంస్థ ఇందుకోసమే 68 అక్షరాల పరీక్ష ఫైలు ఒకటి రూపొందించింది. అది ఎవరికీ ఏ హానీ చేయదు, కానీ యాంటీవైరస్ తయారీదారులు దాన్ని వైరస్‌గా గుర్తించేలా తమ ప్రోగ్రాములను అమర్చుకున్నారు. ఐకార్ వెబ్‌సైట్ నుంచే దాన్ని డౌన్‌లోడ్ చేసి చూడండి. దిగీ దిగకముందే యాంటీవైరస్ దాన్ని పట్టుకుని ప్రమాదం అని కేకపెట్టాలి. పెట్టకపోతే విండోస్ సెక్యూరిటీలో రియల్ టైమ్ రక్షణ ఆగిపోయి ఉందేమో చూడండి. ఇంట్లో ఆ కంప్యూటరు వాడే మిగతావారికి మాత్రం ఈ పరీక్ష సంగతి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే ఆ ఎర్ర హెచ్చరిక చూసి కంగారుపడతారు.